పాటీ కొనేముందు పిల్లాడి పొట్ట చూడండి

ఏప్రిల్ వచ్చిందంటే తల్లులు నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "మేడం, జూన్‌లో మావాణ్ణి మీ దగ్గర వదలాలి. ఈలోపు డైపర్ ఎట్లా మాన్పించేది?" నేను కడపలో అంగన్‌వాడీ టీచర్‌ని. మూడేళ్ళు నిండిన పిల్లలు మా దగ్గర ప్రీస్కూల్‌కు వస్తారు. ఉచ్చ, దొడ్డి సంగతులు మాకు అ ఆ ల కంటే ముందు వచ్చే పాఠాలు. ఆ తల్లులకు నేను వెంటనే జవాబు చెప్పను. తిరిగి ఒకటి అడుగుతాను: "పిల్లోడు దొడ్డికి సాఫీగా పోతాడా? ఏడవకుండా పోతాడా?"

చాలామంది కాసేపు ఆలోచిస్తారు. "రెండు మూడు రోజులకొకసారి పోతాడు మేడం, గట్టిగా ఉంటుంది, కొంచెం ఏడుస్తాడు" అంటారు. అట్లాగైతే ఇప్పుడే పాటీ (పిల్లలు దొడ్డికి కూర్చునే చిన్న ప్లాస్టిక్ సీటు) కొనొద్దు. ముందు దొడ్డి మెత్తబడాలి. ఆ తర్వాతే కూర్చోబెట్టడం. ఈ వరస తప్పితే నెలల తరబడి ఏడుపులు, అలకలు, ఇంట్లో అందరికీ టెన్షన్. వరస సరిగ్గా ఉంటే మిగతా పని చాలావరకు పిల్లలే చేసుకుంటారు.

ఎందుకంటారా? ఒక్కసారి గట్టి దొడ్డి వచ్చి నొప్పి పుట్టిందనుకోండి, రెండేళ్ళ పిల్లకు అది బాగా గుర్తుంటుంది. మళ్ళీ వస్తున్నట్టు అనిపించగానే బిగబట్టుకుంటుంది. పెద్దపేగులో ఎంతసేపు ఆగితే అందులోని నీటిని పేగు అంతగా పీల్చేసుకుంటుంది, దొడ్డి ఇంకా గట్టిపడుతుంది. తర్వాత వచ్చినప్పుడు ఇంకా నొప్పి, ఇంకా భయం. సరిగ్గా ఆ సమయంలో మనం కొత్త పాటీ తెచ్చి "కూర్చో, కూర్చో" అని వెంటపడితే, ఆ నొప్పికీ పాటీకీ పిల్ల మనసులో ముడి పడిపోతుంది.

ముక్కడం, బిగబట్టడం

మా అబ్బాయి, కోడలు బెంగళూరులో ఉంటారు. మనవడికి రెండున్నరేళ్ళప్పుడు ఎండాకాలం వాణ్ణి నా దగ్గర పెట్టుకున్నాను. ఒక పొద్దున వాడు బీరువా పక్క సందులోకి పోయి నిలబడ్డాడు. మునివేళ్ళ మీద లేచి, కాళ్ళు రెండూ దగ్గరగా బిగించి, ఒక చేత్తో బీరువా హ్యాండిల్ పట్టుకున్నాడు. మొహం ఎర్రగా అయింది, కళ్ళలో నీళ్ళు. "అత్తా, ముక్కుతున్నాడు, తొందరగా పాటీ తెండి" అని కోడలు పరుగెత్తింది. "ఆగమ్మా, వాడు ముక్కడం లేదు, ఆపుకుంటున్నాడు" అన్నాను.

ఈ తేడా ప్రతి తల్లికీ తెలియాలి. దొడ్డికి పోవాలనుకునే పిల్ల మోకాళ్ళు వంచుతుంది, గొంతుక్కూర్చుంటుంది, నడుం ముందుకు వంగుతుంది. ఆపుకునే పిల్ల నిటారుగా అవుతుంది, పిర్రలు బిగిస్తుంది, మునివేళ్ళ మీద నిలబడుతుంది, కాలు మీద కాలు వేస్తుంది, గోడకో మంచానికో ఆనుకుంటుంది. రెండింటిలోనూ మొహం ఎర్రబడుతుంది కాబట్టి మనం పొరపడతాం. రెండో రకం కనబడితే ఆ క్షణంలో పాటీ మీద కూర్చోబెట్టొద్దు. పక్కన కూర్చుని వీపు నిమరండి, అంతే. మీ పని వంటింట్లో మొదలవుతుంది.

మొదట పాలు లెక్క చూడండి. పాలు ఎక్కువ తాగే పిల్లలకు కడుపు నిండిపోయి అన్నం, పప్పు, కూర ఎక్కవు. పీచు లోపలికి పోదు, దొడ్డి గట్టిపడుతుంది. ఏడాది దాటిన పిల్లలకు రోజు మొత్తానికి అర లీటరు పాలు మించనీయొద్దు, తగ్గినా ఫరవాలేదు. సీసాతో తాగే అలవాటుంటే గ్లాసుకు మార్చండి, తాగేది దానంతట అదే తగ్గుతుంది. మా మనవడు పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునే దాకా సీసా నోట్లో పెట్టుకునే ఉండేవాడు. వాడి కష్టంలో సగం ఆ సీసాలోనే ఉండింది.

ఆ ఖాళీని మన తిండితో నింపండి. మన సీమలో దానికేం కొదవ లేదు. రాగి జావ, మెత్తగా కలిపిన రాగి సంగటి, ఆకుకూర పప్పు, కొర్రన్నం. పండ్లలో బొప్పాయి, గింజలు తీసిన జామ, బాగా మాగిన అరటిపండు. చీనీకాయ (బత్తాయి) అయితే రసం పిండి వడకట్టి ఇవ్వకుండా తొనలు ఒలిచి, గింజలు తీసి తినిపించండి, పీచు కూడా లోపలికి పోతుంది. శెనక్కాయ విత్తనాలు మాత్రం ఈ వయసులో గింజలుగా ఇవ్వొద్దు, గొంతులో అడ్డం పడతాయి. బిస్కెట్లు, బ్రెడ్డు, ప్యాకెట్ చిప్స్ తగ్గించండి. నీళ్ళు చిన్న గ్లాసులో పోసి పిల్లకు అందే ఎత్తులో పెట్టండి. మన ఎండలకు పెద్దవాళ్ళమే వాడిపోతాం, పిల్లలు ఆటలో పడి దాహం సంగతే మరిచిపోతారు. ఉచ్చ ముదురు పసుపుగా వస్తుంటే నీళ్ళు చాలడం లేదని అర్థం.

తిండి మార్చినా మెత్తబడకపోతే పిల్లల డాక్టర్ దగ్గరకు పోండి. దొడ్డిని మెత్తబరిచే సిరప్పులు, పొడులు ఇస్తారు. డాక్టర్ చెప్పినన్నాళ్ళు వాడాలి. నాలుగు రోజులు సాఫీగా పోయాడని మనంతట మనమే ఆపేస్తే మళ్ళీ మొదటికి వస్తుంది. నొప్పి లేదన్న నమ్మకం పిల్లకు కుదరడానికి వారాలు పడుతుంది.

తమలపాకు కాడకు ఆముదం రాసి పెట్టడం, సబ్బు ముక్క పెట్టడం మన ఇళ్ళల్లో ఉంది. పెద్దవాళ్ళు ప్రేమతోనే చేస్తారు, నాకు తెలుసు. కానీ ఆపుకునే పిల్లకు అది చేస్తే అక్కడ ఎవరో చెయ్యి పెడతారన్న భయం కొత్తగా వచ్చి చేరుతుంది. సబ్బు లోపలి పొరను మండిస్తుంది కూడా. దయచేసి వద్దు.

ఇంకో మాట. కొంతమంది పిల్లలకు నాలుగైదు రోజులు దొడ్డి రాదు, కానీ నిక్కరుకు పలచగా అంటుకుంటూ ఉంటుంది. "విరేచనాలేమో" అని తల్లులు పండ్లు, ఆకుకూరలు మానేసి పెరుగన్నం ఒక్కటే పెడతారు. చాలాసార్లు అది విరేచనం కాదు. లోపల గట్టి ఉండ అడ్డం పడి, దాని పక్కనుంచి పలచనిది కారుతుంది. పిల్లకు అది వస్తున్నట్టు కూడా తెలియదు. దానికి కొట్టడం, తిట్టడం చాలా అన్యాయం. డాక్టర్‌కు చూపించాల్సిన విషయం అది.

ఎప్పుడు మొదలుపెట్టాలి

దొడ్డి మెత్తగా, నొప్పి లేకుండా రెండు మూడు వారాలు నడిచిందా? ఇప్పుడు పిల్లను గమనించండి. ఒంటి మీద పట్టు రావడం ఒకటిన్నర, రెండేళ్ళ మధ్య మొదలవుతుంది. ఎక్కువమంది రెండు మూడేళ్ళ మధ్య నేర్చుకుంటారు. మగపిల్లలకు కొంచెం ఆలస్యం కావడం మామూలే. నేను వయసు కంటే గుర్తులు చూస్తాను. డైపర్ రెండు గంటలు పొడిగా ఉంటోందా, మధ్యాహ్నం నిద్ర లేచాక పొడిగా ఉందా? నిక్కరు తనే కిందికి లాక్కోగలదా? "చెంబు తీసుకుని నాకియ్యి" అంటే చేస్తుందా? తడిసినప్పుడు వచ్చి చెబుతుందా? కక్క వచ్చేముందు తలుపు చాటుకో మంచం పక్కకో పోతుందా? ఈ చివరిది నాకు అన్నిటికంటే ఇష్టమైన గుర్తు. వస్తోందని తనకు ముందుగానే తెలుస్తోంది కాబట్టే కదా చాటు వెతుక్కుంటోంది.

"మా పిల్లలు ఏడాదికే చెప్పేవాళ్ళు" అని అత్తగార్లు, జేజిలు (నాయనమ్మలు) అంటారు. వాళ్ళ మాట అబద్ధం కాదు. కాళ్ళు చాపుకుని కూర్చుని, నెలల బిడ్డను పాదాల మీద కూర్చోబెట్టి "ష్ష్..." అని శబ్దం చేస్తే బిడ్డ పోసేది. నిద్ర లేవగానే ఒకసారి, పాలు తాగాక ఒకసారి. అది మంచి పద్ధతే. అందులో వేళ కనిపెట్టేది తల్లి, ఆ శబ్దానికి అలవాటుపడేది బిడ్డ. తనంతట తాను ఆపుకుని, చెప్పి, నడిచిపోయి, నిక్కరు తీసి కూర్చోవడం వేరే చదువు, దానికి ఇంకా టైం పడుతుంది. మీ ఇంట్లో జేజి ఆ అలవాటు చేసి ఉంటే సంతోషించండి. పాటీ మీద కూర్చున్నాక అదే "ష్ష్..." అనండి, పిల్లకు వెంటనే అర్థమవుతుంది.

కొత్తగా తమ్ముడో చెల్లెలో పుట్టినప్పుడు, ఇల్లు మారేటప్పుడు, జ్వరం వచ్చి తగ్గినప్పుడు మొదలుపెట్టొద్దు. ఒక నెల ఆగండి.

ఏం కొనాలి, ఎక్కడ పెట్టాలి

నేల మీద పెట్టే మామూలు ప్లాస్టిక్ పాటీ చాలు. పాటలు పాడేవి, బొమ్మ తలకాయలున్నవి అక్కర్లేదు. పిల్ల కూర్చున్నప్పుడు పాదాలు పూర్తిగా నేలకు ఆనాలి, మోకాళ్ళు తుంటి కంటే కొంచెం పైకి రావాలి. అట్లా కూర్చుంటేనే దొడ్డి వచ్చే దారి సాఫీ అవుతుంది. వెస్టర్న్ కమోడ్ వాడాలనుకుంటే చిన్న సీటు పైన బిగించి, కాళ్ళ కింద పీట వెయ్యండి. కాళ్ళు గాల్లో వేలాడుతుంటే పిల్ల ముక్కలేదు. మన మామూలు లెట్రిన్ మంచిదే, కానీ చిన్న పాదాలకు ఆ మెట్లు ఎడం, మధ్యలో గుంత చూసి పడిపోతానని భయం. మూడున్నర, నాలుగేళ్ళు వచ్చే దాకా పాటీయే మేలు.

మన కడప ఇళ్ళల్లో నేలకు నాపబండలే ఎక్కువ. తడిస్తే జారుతాయి. ఉచ్చ పడగానే తుడవండి, పిల్ల దాంట్లోనే పరుగెత్తి పడుతుంది. తుడిచేటప్పుడు యాసిడ్, టాయిలెట్ కడిగే నీలం సీసా వాడొద్దు. నాపరాయి సున్నపురాయి జాతిది, యాసిడ్ పడితే తినేసి తెల్లమచ్చ మిగులుతుంది, ఆ మచ్చ పోదు. సబ్బు నీళ్ళతో తుడిచి, మళ్ళీ మంచినీళ్ళతో తుడిస్తే చాలు. బ్లీచింగ్ పౌడర్‌నూ యాసిడ్‌నూ ఎప్పుడూ కలపొద్దు, విషవాయువు వస్తుంది.

ఎండాకాలం ఈ పనికి బాగా అనువైనది. ఇంట్లో పిల్లను నిక్కరు లేకుండా, పొడుగు బనియనుతో తిరగనివ్వొచ్చు. తడిసిన గుడ్డలు గంటలో ఆరిపోతాయి. పాత కాటన్ చీర ముక్కలు చేసి పెట్టుకోండి. బయటికి ఎలాస్టిక్ నిక్కర్లే వెయ్యండి. బొందులు, బటన్లు, భుజాల మీద నుంచి వచ్చే ప్యాంట్లు ఈ కొన్ని నెలలు బీరువాలో పెట్టేయండి.

కూర్చోబెట్టే పద్ధతి

మొదటి కొన్ని రోజులు పాటీని ఇంట్లో కనబడేచోట పెట్టండి. పిల్లను నిక్కరుతోనే కూర్చోనివ్వండి, బొమ్మను కూర్చోబెట్టనివ్వండి. డైపర్‌లో కక్క చేసినప్పుడు దాన్ని తన ముందే పాటీలో వేసి "కక్క ఇక్కడికి పోవాలి నాన్నా" అని చూపించండి. ఏం చెప్పాలో ఇంట్లో అందరూ ఒక్క మాట మీద ఉండండి. సుస్సు అంటారో, ఒంటికి అంటారో, ఏదైనా ఒకటి. తాత ఒకటి, జేజి ఒకటి, అమ్మ ఇంకొకటి అంటే పిల్ల తికమకపడుతుంది.

తర్వాత వేళలు. అన్నం కడుపులో పడగానే పెద్దపేగు కదలడం మొదలుపెడుతుంది. తిన్న పావుగంట, అరగంట తర్వాత కూర్చోబెడితే దొడ్డి వచ్చే అవకాశం ఎక్కువ. పొద్దున టిఫిన్ అయ్యాక ఒకసారి, రాత్రి అన్నం తిన్నాక ఒకసారి. ఉచ్చకు నిద్ర లేవగానే, స్నానానికి ముందు, బయటికి పోయేముందు. కూర్చున్నాక ఐదు నిమిషాలు చాలు. రాకపోతే "సరే, మళ్ళీ చూద్దాం" అని లేపేయండి. సెల్‌ఫోన్ చేతికిచ్చి అరగంట కూర్చోబెట్టడం వద్దు, ఫోన్ చూసే పిల్ల ఒంటి మాట వినదు. ఫోన్ బదులు సబ్బు నీళ్ళ బుడగలు ఊదించండి. ఊదేటప్పుడు పొట్ట దానంతట అది బిగుస్తుంది, కింద వదులవుతుంది. మా మనవడికి పని చేసింది ఇదే.

"సుస్సు వస్తోందా?" అని అడిగితే పిల్లల జవాబు ఎప్పుడూ "లేదు". అడగొద్దు. "పద, సుస్సుకు పోదాం, చెంబు నువ్వు తెస్తావా నేను తేనా?" అనండి. చెంబు ఎవరు తేవాలన్నది తన చేతిలో ఉంటే, పోవాలా వద్దా అన్న గొడవ రాదు.

పగటిపూట డైపర్ పూర్తిగా తీసేయండి. పొద్దున తీసి, మధ్యాహ్నం చుట్టాలొచ్చారని వేసి, సాయంత్రం మళ్ళీ తీస్తే పిల్లకు ఏది నియమమో తెలియదు. డైపర్ రాత్రికీ, దూరప్రయాణానికీ ఉంచుకోండి. తిరుపతి బస్సు ఎక్కుతుంటే వేసుకోవడంలో తప్పు లేదు, అయినా బస్‌స్టాండ్‌లో ఒకసారి కూర్చోబెట్టే ఎక్కించండి.

మగపిల్లలకు మొదట కూర్చునే పోయడం నేర్పండి. రెండూ ఒకేసారి వస్తుంటాయి కాబట్టి సులువు. నిలబడి పోయడం నాన్ననో అన్ననో చూసి తర్వాత వాళ్ళే నేర్చుకుంటారు. ఆడపిల్లలను ముందు నుంచి వెనక్కి కడగాలి. వెనక నుంచి ముందుకు కడిగితే దొడ్డిలోని క్రిములు మూత్రం దారిలోకి చేరి ఇన్ఫెక్షన్ వస్తుంది. పిల్లను ఎత్తుకుని కడిగేటప్పుడు ఈ సంగతి మరిచిపోతుంటాం.

పిల్లల దొడ్డి మంచిదే, దాంట్లో ఏముంటుంది అనుకోవడం మన ఊళ్ళల్లో ఇంకా పోలేదు. పెద్దవాళ్ళ దాంట్లో ఉన్నట్టే క్రిములుంటాయి. వీధి కాలువలో, చెత్తకుప్పలో వెయ్యకుండా లెట్రిన్‌లోనే వెయ్యండి. డైపర్‌లోది కూడా ముందు లెట్రిన్‌లో దులిపి, తర్వాత చుట్టి చెత్తబండికి ఇవ్వండి. పాటీ కడిగి ఎండలో బోర్లించండి. మీరూ, పిల్లా ఇద్దరూ సబ్బుతో చేతులు కడుక్కోండి, అది కూడా ఈ పాఠంలో భాగమే.

తడిపినప్పుడు

తడుపుతారు. ఆటలో, నిద్రలో, చుట్టాల సోఫా మీద. "తడిసింది కదా, పద, మార్చుకుందాం. ఈసారి పాటీ దగ్గరకు పోదాం" అంతే. తడిసిన నిక్కరు బకెట్లో తననే వెయ్యమనండి, శిక్షలాగా కాదు, పనిలాగా. "ఛీ ఛీ, కంపు" అని ముక్కు మూసుకోవడం, పక్కింటి పిల్లతో పోల్చడం, పోసినచోట మొహం పెట్టి చూపించడం, వాత పెడతామని బెదిరించడం, ఇవన్నీ నేను చూశాను. వీటి తర్వాత పిల్ల తడపడం మానదు, చెప్పడం మానేస్తుంది. చెప్పడం మానేసిన పిల్లతో మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

పోసినప్పుడు మెచ్చుకోండి, ఏం చేసిందో చెప్పి మెచ్చుకోండి. "నువ్వే నిక్కరు లాక్కున్నావు, నువ్వే కూర్చున్నావు" అంటే పిల్ల మొహం ఎట్లా వెలుగుతుందో చూడండి. చాక్లెట్ ఆశ పెట్టొద్దు. దానికోసం చుక్క చుక్క పోసి వస్తారు, పళ్ళు కూడా పాడవుతాయి.

బాగా నేర్చుకున్న పిల్ల మళ్ళీ తడపడం మొదలుపెడితే ముందు దొడ్డి సంగతి చూడండి. గట్టి దొడ్డి నిండిన పేగు మూత్రాశయాన్ని నొక్కుతుంది, అందుకే ఉచ్చ ఆగదు. తర్వాత ఇంట్లో ఏం మారిందో చూడండి. చిన్న బిడ్డ పుట్టాక ఇది చాలా మామూలు. అమ్మ కాసేపు తనకోసమే కూర్చుంటే కొన్ని వారాల్లో సర్దుకుంటుంది.

అంగన్‌వాడీలోనో ప్లేస్కూల్‌లోనో చేర్చే రోజు టీచర్‌కూ ఆయమ్మకూ మీ పిల్ల ఏ మాట అంటుందో చెప్పండి, రెండు జతల బట్టలు సంచిలో పెట్టండి. లెట్రిన్ ఎక్కడుందో పిల్లను తీసుకుపోయి చూపించండి. మాకు చెప్పడానికి మొహమాటపడొద్దు. "ఇంకా అప్పుడప్పుడు తడుపుతాడు మేడం" అని చెప్పిన తల్లి వల్ల మాకు పని సులువవుతుంది.

రాత్రి వేరే లెక్క

రాత్రి పక్క తడపడం నేర్పితే మానేది కాదు. నిద్రలో మూత్రం తక్కువ తయారయ్యేలా చేసే హార్మోను సరిపడా రావాలి, మూత్రాశయం నిండినప్పుడు నిద్ర తేలాలి. రెండూ వయసుతో వస్తాయి. పగలు నేర్చుకున్నాక కూడా ఐదేళ్ళ దాకా రాత్రి తడపడం మామూలే, కొందరికి ఇంకా ఆలస్యమవుతుంది. తల్లిదండ్రుల్లో ఒకరికి చిన్నప్పుడు ఆ అలవాటు ఉండి ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ. పడుకునేముందు పోయించండి, పరుపు మీద రబ్బరు షీటు వెయ్యండి. సాయంత్రం తర్వాత నీళ్ళు పూర్తిగా బంద్ చేయడం మన ఎండల్లో మంచిది కాదు. పగలంతా బాగా తాగిస్తే రాత్రి దాహం దానంతట అదే తగ్గుతుంది.

డాక్టర్‌కు చూపించాల్సినవి కొన్ని ఉన్నాయి. దొడ్డిలో రక్తం, పొట్ట ఉబ్బడం, వాంతులు. జ్వరంతో పాటు పోసేటప్పుడు మంట. ఉచ్చ ధారగా రాకుండా ఎప్పుడూ చుక్కచుక్కగా కారడం. ఆరు నెలలు పొడిగా ఉన్న పిల్ల ఉన్నట్టుండి తడపడం, దాంతో పాటు విపరీతమైన దాహం, బరువు తగ్గడం. ఈ చివరిది షుగర్ కావచ్చు, పిల్లలకూ వస్తుంది, ఆ రోజే తీసుకుపోవాలి. నాలుగేళ్ళు దాటినా పగలు దొడ్డి పట్టు రాకపోయినా, ఏడేళ్ళ తర్వాత కూడా రోజూ రాత్రి పక్క తడుపుతున్నా ఒకసారి చూపించడం మంచిది. ఇట్లా తొందర లేని వాటికి కడప పెద్దాసుపత్రి రిమ్స్‌కో, మీ దగ్గరి పిల్లల డాక్టర్ దగ్గరకో పోయేముందు ఒక వారం పాటు ఏ పూట దొడ్డికి పోయింది, గట్టిగానా మెత్తగానా, ఎన్ని పాలు తాగింది, ఎప్పుడు తడిపింది అన్నీ ఒక కాగితం మీద రాసి తీసుకుపోండి. డాక్టర్ మొదట అడిగేవి ఇవే.